ఎడమ చెయ్యి ఆగే చోటు

గూడూరులో ఒక పార్టీలో రాకెట్ ఇంజనీరు ధనశేఖర్ నిమ్మరసం తాగి, గ్లాసు బల్ల మీద పెట్టేలోపే కుప్పకూలాడు. గుండెపోటు అన్నారు. ఏజెంట్ ఎస్తేరు నమ్మలేదు. ఆ పార్టీలో పియానో వాయించింది ఐశ్వర్య.

ఐశ్వర్య డబుల్ ఏజెంట్. విదేశీ ముఠాలో ఉంటూ మనకు సమాచారం ఇస్తోంది. లేదా మన దగ్గర ఉంటూ వాళ్ళకు ఇస్తోంది. ఏది నిజమో చీఫ్ రాజారత్నానికే తెలీదు. ఆమె నవ్వితే ఎదుటివాళ్ళు అడగాల్సిన ప్రశ్న మర్చిపోతారు.

తిరుపతి ఆఫీసులో బ్రీఫింగ్ జరిగింది. తర్వాతి టార్గెట్ సైంటిస్ట్ పంకజాక్షి. అలిపిరి దగ్గరి హోటల్లో ఆమె మేనకోడలి రిసెప్షన్. వెళ్ళొద్దంటే ఆమె వినలేదు. హంతకుడి ముఖం ఎవరికీ తెలీదు. పియానో మళ్ళీ ఐశ్వర్యదే. ఆమె పాటలోనే వాడికి ఆర్డర్ వెళుతోందని ఎస్తేరు అనుమానం. ఢిల్లీ ల్యాబ్ మాత్రం పాత రికార్డింగులు విని, అన్నీ పియానో తెల్ల మెట్లే, సి మేజర్ స్కేలు, కోడ్ ఏమీ లేదని రిపోర్టు పంపింది.

ఎస్తేరు పుత్తూరు పక్క పల్లెలో, చర్చిలో కీబోర్డు వాయిస్తూ పెరిగిన పిల్ల. గూడూరు రికార్డింగు పెట్టుకుని తనూ వాయించి చూసింది. చివర సి స్వరం వేస్తే పాట ముగియలేదు. చెప్పులు విప్పి గడప బయటే నిలబడిపోయిన చుట్టంలా ఉంది. డి వేసింది. చుట్టం లోపలికి వచ్చి కూర్చున్నాడు.

"అవే మెట్లు సార్, షడ్జం, అదే పాటకి ఇల్లు, మారిండాది," అని చెప్పింది చీఫ్‌తో. "సి ఇల్లయితే శంకరాభరణం. డి ఇల్లయితే ఖరహరప్రియ. ఇంగ్లీషులో డోరియన్ మోడ్ అంటారు. ఏ మెట్లు నొక్కినామని కాదు, యాడికి తిరిగొచ్చినామనేదే మోడ్."

ఏమీ జరగని సాయంత్రాల పాటలన్నీ సి దగ్గరికే తిరిగొచ్చాయి. ధనశేఖర్ పోయిన సాయంత్రం ఒక్కటే డి దగ్గరికి. డి అంటే చంపు. సి అంటే ఆగు.

రిసెప్షన్‌కు ఎస్తేరు పట్టుచీరలో, పెళ్ళికూతురి చుట్టంలా వెళ్ళింది. జుంకాలో మైకూ, స్పీకరూ. చూసిన ప్రతివాడి మీదా అనుమానమే. కెమెరా దించని ఫోటోగ్రాఫరు, ఊరికే గడియారం చూసుకునే పెద్దమనిషి, నిమ్మరసం ట్రేలతో తిరుగుతున్న వెయిటర్లు.

ఐశ్వర్య వాయించడం మొదలుపెట్టింది. ఎడమ చేతి కింద డి తంబురలా మోగింది. చంపమనే ఆర్డర్. హాలు అవతల పంకజాక్షి చేతిలోకి అప్పటికే ఒక గ్లాసు వచ్చింది. ఎవరు ఇచ్చారో జనంలో కనిపించలేదు. కేక వేస్తే ఆమె బతుకుతుంది, హంతకుడు జారుకుంటాడు, రేపు ఇంకో చోట వస్తాడు.

"ఎవురుమ్మా వాడు?" జుంకాలో రాజారత్నం.

"వాడే చెప్తాడు సార్."

నేరుగా వెళ్ళి ఐశ్వర్య పక్కన బెంచీ మీద కూర్చుంది. ఐశ్వర్య తల తిప్పలేదు.

"పాట అయిపోతాంది కదక్కా, ఇప్పుడొచ్చినావే," అంది నవ్వుతూ.

అని, ఎడమ చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

ఎస్తేరు ఆ ఖాళీలో సి నొక్కింది. గట్టిగా, మళ్ళీ మళ్ళీ. పైన అవే తెల్ల మెట్లు, కానీ పాట రంగు మారిపోయింది. ఐశ్వర్య కుడిచెయ్యి డి మీద ఒక్క క్షణం తటపటాయించి, సి మీదకు దిగింది.

గ్లాసు పంకజాక్షి పెదవికి తగిలింది. ఒక వెయిటర్ ఎగిరి దూకినట్టు వచ్చి దాన్ని లాక్కున్నాడు.

"ఈగ పడిండాది మేడం."

"నిమ్మకాయ దొరికింది సార్, ఆ వెయిటరే," అంది ఎస్తేరు జుంకాతో. పెళ్ళివాళ్ళ వేషంలో ఉన్న మనవాళ్ళు వాడి రెండు చేతులూ వెనక్కి విరిచారు.

ఎడమ చెయ్యి ఎందుకు తీశావని అడిగితే, నొప్పి పుట్టిందని చెప్పి ఐశ్వర్య కాఫీ తెప్పించుకుంది.

"ఇంతకీ ఆ పిల్ల మన మనిషా, వాళ్ళ మనిషా?" అడిగాడు రాజారత్నం.

"మెట్లన్నీ తెల్లవే సార్. పాట అయ్యేదాకా సూడాల."