ఈదమ్మ బిందె

గద్వాలలో ఒక చీరల దుకాణం పైన ప్రైవేటు డిటెక్టివ్ జోగులమ్మ ఆఫీసు ఉంది. పొద్దున్నే ఎవరైనా మెట్ల మీద కాచుకుని కూర్చుంటే ఆమెకు చిరాకు. ఆ రోజు నల్లమల నుంచి వచ్చిన లచ్చమ్మ, ఆమె భర్త లింగయ్య కూర్చుని ఉన్నారు. ఇద్దరికీ డెబ్బై దగ్గర పడింది.

పాన్‌గల్‌లో రామచంద్రయ్య పంతులంటే ఇప్పటికీ గౌరవమే. మూడు తరాలకు అక్షరాలు దిద్దించిన మనిషి. మనవడు శ్రీనాథ్ ఆయన విగ్రహం పెట్టిస్తున్నాడు. కింద రాతి పలక మీద వంశవృక్షం చెక్కిస్తున్నాడు. ఆ పని ఈ రోజుతో అయిపోతుంది. అయితే పంతులు పాన్‌గల్‌కు రాకముందు నల్లమలలో బడి నడిపాడని, అక్కడే మొదటి పెళ్లి చేసుకున్నాడని, ఆ పెళ్లికి పుట్టిన ఈదమ్మే తన తల్లి అని లచ్చమ్మ చెప్పింది. రుజువు ఒక్కటే. ఈదమ్మ పెళ్లికి పంతులు పంపిన ఇత్తడి బిందె. దాని మీద 'బిడ్డ ఈదమ్మకు, రామచంద్రయ్య' అని చెక్కి ఉంది. నిన్న మధ్యాహ్నం చూపిద్దామని పాన్‌గల్‌లో శ్రీనాథ్ ఇంటికి తీసుకుపోయారు. అన్నం తిని వచ్చేలోపు వసారాలో పెట్టిన బిందె మాయమైంది.

"నాకు భూమొద్దు, ఏమొద్దు," అంది లచ్చమ్మ. "తండ్రి లేని బిడ్డ అనిపించుకుంటనే మాయమ్మ సచ్చిపాయె. ఆ రాయి మీద ఆమె పేరుంటె సాలు."

జోగులమ్మ విసుక్కుంటూనే కారు తాళం అందుకుని, ఇద్దరినీ తనతో రమ్మంది. అసిస్టెంటు నాగేశ్ నోటుబుక్కు పట్టుకుని వెనకాలే పరుగెత్తాడు. ఆమె విసుగులో కూడా ఏదో ఉపాయం ఉంటుందని అతని నమ్మకం.

పాన్‌గల్ ఇంట్లో అడిగిన దానికి ఎవరూ జవాబు చెప్పలేదు, అడగనివన్నీ చెప్పారు. తాత పిల్లల్ని ఒక్క దెబ్బ కొట్టలేదని శ్రీనాథ్ అన్నాడు. మామ బెత్తం లేకుండా బయటికి పోయేవాడు కాదని అతని తల్లి లక్ష్మీదేవమ్మ అంది. శ్రీనాథ్ భార్య శైలజకు వంటింటి గోల. మసాలాకు తెచ్చిన ఎండు కొబ్బరి కుడుకలు కనబడటం లేదట, పసుపు డబ్బా ఖాళీ అయిందట. ఇలాంటివి కూడా రాయాలా అని నాగేశ్ తలెత్తితే, రాయమని జోగులమ్మ కసిరింది.

లక్ష్మీదేవమ్మ వేళ్లు పచ్చగా ఉన్నాయి. ఎందుకని అడిగితే పొద్దున గడపకు పసుపు రాశానంది. జోగులమ్మ వంగి గడప చూసింది. దుమ్ము తప్ప ఏమీ లేదు.

"బిందె మేం చూడనే లేదు మేడం," అన్నాడు శ్రీనాథ్. "మా తాత గట్లాంటోడు కాదు."

జోగులమ్మ నాగేశ్‌ను ఇల్లంతా వెతకమంది. అటక మీద పేర్లు చెక్కిన గిన్నెలు యాభై దించి, తుమ్మి తుమ్మి, చివరికి వడ్ల గుమ్మి వెనక గోనెసంచి కింద బిందె పట్టుకున్నాడు. అది ఖాళీగా లేదు. జోగులమ్మ అందరినీ వసారాలో కూర్చోబెట్టి, బిందెలోది చేటలో పోసింది. పసుపు కలిపిన బియ్యం, రెండు కుడుకలు, పసుపు కొమ్ములు, ఒక రవికె గుడ్డ.

"దొంగ ఎవరైనా దొంగిలించిన బిందెలో ఒడిబియ్యం పోస్తాడా?" అంది చిరాగ్గా. "శ్రీనాథ్‌కు ఒడిబియ్యం ఎట్లా కలపాలో తెల్వదు. శైలజ కలిపితే కుడుకలేవని మమ్మల్ని అడగదు. మిగిలింది పసుపు వేళ్ల పెద్దమ్మ. పుట్టింటివాళ్లు తమ ఆడబిడ్డ కొంగులో తప్ప ఒడిబియ్యం పొయ్యరు. లచ్చమ్మ ఈ ఇంటి బిడ్డేనని మీ చేత్తోనే ఒప్పుకున్నారు. బియ్యం ఇస్తారు, పేరు మాత్రం ఇయ్యరు. ఏం మనుషులమ్మా మీరు?"

లక్ష్మీదేవమ్మ కొడుకు వైపు చూసింది.

"వీడు బిందెను బీచుపల్లి కాడ కృష్ణల పారేస్తనన్నడు. అందుకే దాసిన. మామ పోయేముందు నా చెయ్యి పట్టుకుని, ఈదమ్మకు ఒక్కసారన్న ఒడి నింపుమన్నడు. మా అత్తకు భయపడి నింపకపోతి. ఈదమ్మ పాయె. ఇగ ఆమె బిడ్డకన్న పోసి, దొంగతనంగ పంపుదామనుకున్న."

శ్రీనాథ్ తల దించుకున్నాడు. బయట ఉలి చప్పుడు ఆగలేదు. లక్ష్మీదేవమ్మ లేచి పోయి, రాయి చెక్కే మనిషిని ఆపింది.

"నా మొగని పేరు పైన జర జాగ ఉంది కదా, అండ్ల ఈదమ్మ అని కొట్టు. ఆమె పెద్దది."

తిరిగొచ్చి పీట వేసింది. చేట పక్కన పెట్టుకుని కూర్చుంది.

"ఒడి పట్టు కోడలా."

లచ్చమ్మ కొంగు పట్టింది. మొదటి దోసిలి మాత్రం తన తల్లి పేరు చెప్పి పొయ్యమంది.