శాంతి సారుకు కోపం వచ్చిన రోజు

"అందరూ ఒకసారి కళ్లు మూసుకోండి," అన్నాడు బెన్సన్.

"ఎందుకు సార్?"

వెనక వరుసలోంచి వచ్చిందా ప్రశ్న. చేతులు కట్టుకుని, జుట్టు పైకి ముడేసుకుని, కళ్లెర్రగా ఉన్న అమ్మాయి. ఆ ఎరుపు నిద్రలేమిదో, కోపానిదో బెన్సన్‌కి అర్థం కాలేదు. రెండూనని తర్వాత తెలిసింది.

"మనసు నెమ్మదించడానికండీ."

"కండ్లు మూస్తే మా వాళ్లు మళ్ల తెరువరు సార్. ఇంటికి పోయి ఎన్ని దినాలైందో అడుగుండ్రి ముందు."

హాలంతా నవ్వింది. ఆమె నవ్వలేదు.

అది ఫిల్మ్ నగర్‌లో ఒక గ్రాఫిక్స్ స్టూడియో. తెరమీద హీరో గాల్లోకి ఎగిరితే, అతనికి కట్టిన తాళ్లను ఒక్కో ఫ్రేమ్‌లోంచి చెరిపేసేది ఈ కుర్రాళ్లే. ప్రశ్న వేసిన ఆ అమ్మాయి స్ఫూర్తి, వాళ్ల టీమ్ లీడ్. రిలీజ్ దగ్గర పడింది. స్టూడియో యజమాని రఘునందన్, టీమ్‌కి స్ట్రెస్ తగ్గించమని బెన్సన్‌ని ధ్యానం క్లాసులకు పిలిపించాడు.

చివరికి అందరూ కళ్లు మూసుకున్నారు. కాసేపటికే ముందు వరుసలో చంటి అనే కుర్రాడు గురక పెట్టాడు. పక్కవాడు లేపబోతే బెన్సన్ వద్దని సైగ చేశాడు. క్లాసు టైమ్ అయిపోయినా గంట మోగించకుండా అలాగే కూర్చున్నాడు.

స్ఫూర్తి ఒక్కతే కళ్లు తెరుచుకుని అతన్నే చూస్తోంది. మెచ్చుకుంటున్నట్టు మాత్రం లేదు.

వారం వారం క్లాసు. వారం వారం గొడవ. టీమ్ అతనికి 'శాంతి సారు' అని పేరు పెట్టింది. వెంగళరావు నగర్‌లోని ఇంట్లో వాళ్లమ్మ సత్యవతి కూడా వదిలేది కాదు. "ప్రార్థనలో కుదురుగా కూర్చోలేని వెధవ్వి, ఊరందరినీ కూర్చోబెడుతున్నావా?" అనేది.

బెన్సన్‌కి మాత్రం తన పని మీద నమ్మకం ఉంది. ఒకప్పుడు సాఫ్ట్‌వేర్ కంపెనీలో కోపాలూ కుట్రలూ చూసి విసిగిపోయి, ధ్యానంలో ఊపిరి పీల్చుకున్నవాడు. పైనున్నవాళ్ల మనసు నెమ్మదిస్తే కిందివాళ్ల బతుకు నెమ్మదిస్తుందని చెప్పేవాడు. చిక్కల్లా ఒక్కటే. పైనున్న రఘునందన్ ఒక్క క్లాసుకీ రాలేదు.

ఒక సాయంత్రం క్లాసు అయ్యాక పెద్దవాన. కృష్ణానగర్ మలుపులో చాయ్ బండి పరదా కింద బెన్సన్, స్ఫూర్తి ఇద్దరూ ఇరుక్కుపోయారు.

"శాంతి అమ్ముతున్నరు గదా, బేరం ఎట్లుంది సార్?"

"బేరం బాగానే ఉందండీ. కొనేవాళ్లే కొట్టేలా చూస్తున్నారు."

ఆమె పెదవి చివర ఏదో కదిలింది. బెన్సన్ చూపు అక్కడే ఆగింది.

"ఏం చూస్తున్నరు?"

"మీరు నవ్వారు."

"నవ్వలే. చాయ్ కాలింది."

పరదా అంచునుంచి నీళ్లు ఆమె భుజం మీద పడుతున్నాయి. అతను పక్కకి జరిగి చోటిచ్చాడు. తన వీపు పూర్తిగా తడిసిపోయింది. అది చూసి కూడా ఆమె థాంక్స్ చెప్పలేదు. మరో ప్రశ్న వేసింది.

"నిజం చెప్పుండ్రి. మీకు అస్సలు కోపం రాదా?"

"వస్తుంది. ఊపిరి గమనిస్తూ కూర్చుంటే పోతుంది."

"పోతదా? లోపల్నే ముడుచుకొని కూసుంటదా?"

 బెన్సన్‌కి ఆ రాత్రంతా ఆ ప్రశ్నే గుర్తొచ్చింది. ప్రశ్నతో పాటు, అడిగిన మొహం కూడా.

మరుసటి వారమే ఆ ఘోరం జరిగింది. రాత్రంతా పనిచేసి, తెల్లారాక రూముకి బయల్దేరిన చంటి బండి మీదే నిద్రపోయాడు. డివైడర్‌కి గుద్దుకున్నాడు. ప్రాణం దక్కింది కానీ, కాలు రెండుచోట్ల విరిగింది.

టీమ్ మొత్తం సిస్టమ్‌లు ఆపేసి హాల్లో కూర్చుంది. రాత్రి పనులు ఆపితేనే లేస్తామంది.

రఘునందన్ బెన్సన్‌కి ఫోన్ చేశాడు. "అర్జెంట్‌గా రండి. ఒక సెషన్ తీసుకుని వాళ్లను కూల్ చేయండి. లంచ్ తర్వాత అందరూ సీట్లలో ఉండాలి."

బెన్సన్ వచ్చాడు. బాధలో ఉన్నవాళ్లకు కాస్త ఊరటనిద్దామనే వచ్చాడు. కానీ తలుపు తీయగానే స్ఫూర్తి లేచి నిలబడింది.

"వచ్చినవా? మమ్మల్ని చల్లార్చనీకె వచ్చినవా?"

'మీరు' పోయింది. 

"స్ఫూర్తి గారూ, ముందు ఒక్క నిమిషం కూర్చుందాం..."

"కూసోం! పోరడు దవాఖాన్ల పడితే ఊపిరి చూసుకోమంటవా? నీ ధ్యానం మాకు మందు కాదు, మత్తు. మాకు కోపం రాకుండ జేసుడే నీ నౌకరీ. ఆయన నిన్ను పెట్టుకుందే గందుకు!"

బెన్సన్‌కి చెంప మీద కొట్టినట్టయింది.  ఆమె చెప్పిందాంట్లో అబద్ధం లేదు.

నేరుగా రఘునందన్ గదిలోకి వెళ్లాడు. వెనక తలుపు వేయడం కూడా మర్చిపోయాడు.

"ఏమైంది? కూల్ అయ్యారా?" రఘునందన్ ఫోన్లోంచి తలెత్తలేదు.

"సార్, వాళ్లు అడిగేదాంట్లో న్యాయం ఉంది. మీరొకసారి వచ్చి మాట్లాడండి."

"నాకంత టైమ్ లేదు బెన్సన్. కోపం వాళ్ల ప్రాబ్లమ్. దాన్ని మేనేజ్ చేయడానికే కదా మిమ్మల్ని పెట్టుకున్నాను?"

ఊపిరి గమనించాలని బెన్సన్ ప్రయత్నించాడు. ఆ పూట ఊపిరి కూడా మండుతోంది.

"వాళ్ల కోపం జబ్బు కాదు సార్!" అతని గొంతు కారిడార్ చివరిదాకా మోగింది. "జబ్బు ఈ గదిలో ఉంది! పిల్లాడి కాలు విరిగితే మీరు లంచ్ తర్వాత పని గురించి మాట్లాడుతున్నారు. శాంతి కావాలా మీకు? నోళ్లు మూయించి తెచ్చుకునేది శాంతి కాదు. నేనిక వాళ్లను కళ్లు మూసుకోమని చెప్పను. మీరొచ్చి, నోరు మూసుకుని, వాళ్లు చెప్పేది వినండి!"

"గెట్ అవుట్!"

"వెళ్తాను. మీరు వాళ్ల ముందు కూర్చున్న తర్వాత వెళ్తాను."

బల్ల మీద ఫోన్ మోగుతోంది. నిర్మాత. రిలీజ్‌కి షాట్లు కావాలి, షాట్లు చేసేవాళ్లు హాల్లో కూర్చున్నారు. రఘునందన్ కాసేపు ఆ ఫోన్ వంక చూశాడు. తర్వాత దాన్ని జేబులో వేసుకుని విసురుగా లేచాడు.

హాల్లో అందరూ గోడవారగా నిలబడి ఉన్నారు. లోపలి ప్రతి మాటా విన్నారని వాళ్ల మొహాలే చెబుతున్నాయి. స్ఫూర్తి బెన్సన్‌ని చూసింది. 

"ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు వినాలి," అన్నాడతను. "మీరు కూడా సార్."

అందరూ కూర్చున్నాక ఒక్కొక్కరూ చెప్పారు. ఒకడు కూతురి పుట్టినరోజు వీడియో కాల్లో చూశాడు. ఒకమ్మాయి మెట్లమీద కళ్లు తిరిగి పడిపోయింది. రఘునందన్ రెండుసార్లు నోరు తెరిచాడు. బెన్సన్ చెయ్యి చూపి ఆపాడు. మూడోసారి ఆగలేదు.

"అయినా నిద్రొస్తుంటే బండెందుకు ఎక్కాలి? అది చంటి కేర్‌లెస్‌నెస్!"

స్ఫూర్తి కుర్చీ వెనక్కి పడింది. పిడికిళ్లు బిగుసుకున్నాయి. ఇప్పుడు ఏదో పగులుతుందనుకున్నారందరూ. కానీ ఆమె కళ్లు మూసుకుంది. ఊపిరి లోపలికి తీసుకుంది, వదిలింది. మళ్లీ తెరిచినప్పుడు ఆ కళ్లల్లో కోపం ఒక్క చుక్క కూడా తగ్గలేదు. గొంతు మాత్రం స్థిరపడింది.

"సార్, చంటి ఇంటికి పోతనంటే ఆ రాత్రి వద్దన్నది ఎవరు?"

రఘునందన్ చూపు తిప్పుకున్నాడు.

"మీరన్నరు. నేను వానికి చెప్పిన. గా తప్పుల నాది గూడ ఉంది. నేనొప్పుకుంటున్న. మీరు?"

 రఘునందన్ తల దించుకున్నాడు. జేబులోంచి ఫోన్ తీసి, అందరి ముందే నిర్మాతకు కలిపాడు.

"షాట్లు లేటవుతాయి. లేదు సార్, రాత్రి పనులు ఇక లేవు. మా పిల్లలు నిద్రపోవాలి." అవతల అరుపులు హాలంతా వినిపించాయి. అతను ఫోన్ పెట్టేశాడు. "చంటి వైద్యం ఖర్చు మొత్తం నాదే," అన్నాడు. బెన్సన్ వైపు తిరిగి, "మీరు మాత్రం ఇక రావద్దు," అన్నాడు.

బెన్సన్ తలూపి, బ్యాగు తగిలించుకుని మెట్లు దిగాడు.

బయట సన్నగా తుంపర. గేటు దాటుతుంటే వెనక స్కూటీ బ్రేకు కీచుమంది.

"చెప్పకుండ పోతున్నవేంది?"

"ఉద్యోగం పోయిందండీ."

"నౌకరీ పోతే మనిషి గూడ పోవాల్నా?"

"మీకు నా మీద కోపం కదా?"

"ఉంది. ఇన్నాళ్లు ఆ కోపం యాడ దాచినవని ఉంది. ఇయ్యాల గా గదిల అరుస్తుంటే..." ఆమె ఆగిపోయింది. చెవులు ఎర్రబడ్డాయి. "అరుస్తుంటే మస్తుగున్నవ్. చాలా?"

బెన్సన్‌కి నవ్వొచ్చింది. "నాక్కూడా మీ మీద కోపం ఉందండీ. మత్తన్నారు కదా, ఆ మాట గుచ్చుకుంది. గుచ్చుకున్నా మీరే గుర్తొస్తున్నారు. వాన రోజు నుంచీ. ఇక దీన్ని ఊపిరితో పోగొట్టడం నావల్ల కాదు."

ఆమె హ్యాండిల్ మీద వేళ్లతో గీతలు గీసింది.

"ఆదివారం రహమత్ నగర్ రా. మా ఇంటికి."

"ఆదివారం చర్చి ఉందండీ."

"అయినంకనే రా. మీ అమ్మను గూడ తీసుకొని రా."

"అమ్మనెందుకు?"

"ఎందుకేంది?" స్ఫూర్తికి మళ్లీ కోపం వచ్చింది. "అంత ధ్యానం జేసినవ్, గీ మాత్రం తెల్వదా? మా అమ్మతోని మాట్లాడనీకె! ఇంకొకటి చెప్తున్న, మా అమ్మ ముంగట మెల్లగ మాట్లాడకు. నోట్ల నోట్ల గొణిగెటోళ్లను మా శకుంతలమ్మ నమ్మదు."

"వస్తాం స్ఫూర్తీ!" రోడ్డు మీద పోతున్న ఆటోవాడు తిరిగి చూసేంత గట్టిగా అరిచాడు బెన్సన్.

ఆమె ఈసారి చాయ్ మీదికి నెట్టలేదు. నిజంగానే నవ్వింది.