పరుగు లేని పొద్దులు

ఇందిరా పార్కులో ప్రతి ఉదయం నళిని ముందు, బాలకిషన్ వెనుక పరుగెత్తడం కొన్ని నెలలుగా చెక్కుచెదరని రాజ్యాంగం. ఆమె లక్ష్యం విశ్వవిద్యాలయ పరుగుపందెం జట్టు; అతని లక్ష్యం ఆమె. ఇంతలో ఆమె మోకాలి కింది ఎముక నొప్పి పెట్టి, ఆ రాజ్యాంగానికి సవరణ ప్రతిపాదించింది.

"కోచ్ సార్ రోజు విడిచి రోజు ఉరకమన్నడు. నడుమ రోజుల్ల ఈతనో, సైకిలో చెయ్యాల్నట. ఏది మంచిదంటవ్?"

నొప్పి కాలికి ఈతను మించింది లేదని బాలకిషన్‌కు తెలుసు. నారాయణగూడ దగ్గరి ఈతకొలనులో ఆడవారి వేళ వేరనీ తెలుసు.

"సైకిల్," అన్నాడు న్యాయమూర్తి గాంభీర్యంతో. "ఇద్దరం కలిసి తొక్కుదాం."

తీర్పులో ఒక చిన్న లోపముంది. న్యాయమూర్తికి సైకిల్ రాదు.

మర్నాడు అశోక్‌నగర్ గల్లీలో రెండు కిరాయి సైకిళ్లు వెలిశాయి. ఒకటి గోడకు ఆనుకుంది. రెండోది బాలకిషన్‌ను మోస్తూ మదగజంలా ఊగింది.

"ముంగటికి చూడు! హ్యాండిల్‌ను గట్ల పిసుకుతున్నవేంది, నిమ్మకాయనా?" సీటు పట్టుకుని వెనుక నళిని ఉరుకుతోంది.

"జర వదలకు!"

"వదిల్తే ఇస్త్రీ బండి మీద పడ్తవ్!"

గల్లీ చివర ఆమె హఠాత్తుగా ఆగి, వంగి, కాలు అదుముకుంది. నవ్వు మాయమైంది. విశ్రాంతికి కేటాయించిన ఉదయాన ఆమెను పరుగెత్తించిన ఘనత తనదేనని అతనికి అప్పుడు బోధపడింది.

"ఈతకు పో, నళినీ. నీ కాలుకు అదే మంచిది. నాకు నిన్ననే తెల్సు."

"మరి చెప్పలేదేంది?"

"ఆడోళ్ల టైం వేరు గద. పొద్దున నిన్ను చూడకుంటే నాకు పరేషాన్ అయితది. నువ్వంటే ఇష్టం."

"అందుకని నా పోటీ పోగొడ్తవా?"

"పోవద్దనే చెప్తున్న. పొద్దున నిన్ను చూడకున్నా మంచిదే."

ఆమె కాలు వదిలి నిటారుగా నిలబడింది.

"ఈతకే పోత. కాలు నెమ్మదించినంక సాయంత్రం నడక. దానికి టైంలు వేరు లేవు."

"పార్కులనా?"

"చెట్ల చాటుకా? చిక్కడపల్లి మెయిన్ రోడ్డు మీద."

ఆ రోడ్డుపై ఒక అబ్బాయి, ఒక అమ్మాయి పక్కపక్కన నడవడమంటే శుభలేఖలు పంచడమే. పైగా ఆమె తండ్రి వెంకటరామయ్య గారి బట్టల దుకాణం అక్కడే.

ఆ వారాంతంలో, ఆమె కాలు నెమ్మదించాక, ఇద్దరూ ఆ రోడ్డున దిగ్విజయయాత్రకు వెళ్లారు. కూరగాయల బేరాలు ఆగాయి. దర్జీ కత్తెర గాలిలో నిలిచింది. దుకాణం ముందు నళిని ఆగింది.

"నాన్నా, ఈయన బాలకిషన్. నేనంటే ఇష్టమట. నాకూ ఇష్టమే."

వెంకటరామయ్య గారు కళ్లద్దాల మీదుగా కుర్రవాణ్ణి పరికించారు.

"బజారంత చూస్తుంటే వచ్చి చెప్తున్నరు. దాచేదేం లేదన్నట్టే. పోటీ అయినంక మీ అమ్మానాయనను తోల్కరా బాబూ. ఇప్పుడైతే లోపలికొచ్చి కూసో."

బాలకిషన్ వినయంగా మెట్టెక్కబోయాడు. నళిని అతని చొక్కా వెనక్కి లాగింది.

"కూసునుడేంది? ఎక్సర్‌సైజ్ ఇంక సగమే అయింది."