మూలంలో దిద్దిన మాట

ఉమాశంకర్ ఈశ్వరి బల్ల ముందు నిలిచి పలికిన మొదటి మాట ఒక అభియోగం. తాను ఎంతో ఓపికతో చేసిన దిద్దుబాట్లన్నీ తెల్లవారేసరికి మాయమయ్యాయనీ, అందుకు ఆమే కారణమనీ అతని ఫిర్యాదు.

విజయనగరంలో ఒక మేడపై నడిచే ఆ చిన్న సంస్థ, చేపల రేవుల్లో జరిగే వేలంపాటను ఫోన్‌లో నమోదు చేసే సాఫ్ట్‌వేర్ తయారు చేస్తుంది. ఉమాశంకర్ అక్కడ ఇంజినీరు. నరసన్నపేట దగ్గర వరి పండించే నరసింగరావు గారి ఏకైక కుమారుడు. ఆ సాఫ్ట్‌వేర్‌ను ఎలా వాడాలో తెలిపే మాన్యువల్ రాయడం ఈశ్వరి ఉద్యోగం. భోగాపురం ఆవల, తీరాన ఉన్న జాలరుల పల్లె ఆమెది. తండ్రి లేని ఆ పిల్లను తల్లి గురమ్మ చేపల బుట్ట నెత్తిన పెట్టుకొని ఊళ్లు తిరిగి చదివించింది.

ఈశ్వరి మాన్యువల్‌ను ఒకే ఒక ఫైలులో రాస్తుంది. ఆ ఫైలును నడిపితే వేలందారుకు పుస్తకం, వర్తకులకు ఫోన్ పేజీలు, రేవు షెడ్డు గోడకు అంటించే పెద్ద అక్షరాల కాగితాలు వాటంతట అవే రూపొందుతాయి. ఉమాశంకర్ ఒక బటన్ చోటు మార్చి, ఆ మార్పును పుస్తకంలోను, పేజీల్లోను, గోడ కాగితాల్లోను విడివిడిగా దిద్దాడు. మూలఫైలు జోలికి వెళ్లలేదు.

ఈశ్వరి అంతా విని కళ్లజోడు తీసి అతణ్ణి చూసింది. ఆ చూపులో కోపం లేదు. కోపమే ఉంటే అతనికి కొంత సులువుగా ఉండేది.

“అద్దంలో బొట్టు వంకరగా కనిపిస్తే మీరు అద్దం తుడుస్తారేటండి?”

“ఏటి?”

“ఈ మూడూ అద్దాలు. మొహం ఇదిగో, ఈ ఫైలు. దీన్లో దిద్దితే మూడిట్లోనూ మారతాది. మీరు అద్దాలు తుడిసేసి ఎల్లిపోయారు. నేను పొద్దున్న మళ్లీ మొహం సూపించాను.”

చుట్టుపక్కల బల్లల వద్ద నవ్వు వినిపించింది. ఉమాశంకర్ చెవులు ఎర్రబడ్డాయి. అయినా, మూలఫైలులో దిద్దడం ఎలాగో నేర్పమని ఆ మధ్యాహ్నమే మళ్లీ వచ్చి అడిగాడు. ఆమె నేర్పింది. మరునాడు మరొక సందేహంతో వచ్చాడు. ఆ పై వారం, ఏ సందేహమూ లేకుండానే కుర్చీ లాక్కొని కూర్చున్నాడు.

“రానిది నేర్పగల్ను గానీ, వచ్చిందాన్ని రోజూ ఎలగ నేర్పనండి?” అన్నది ఈశ్వరి, తెర మీది నుంచి కన్ను తిప్పకుండానే. తిప్పితే నవ్వు దాచడం కష్టమని ఆమెకు తెలుసు.

శ్రావణం వచ్చింది. ఒక సాయంత్రం బస్టాండు చూరు కింద ఇద్దరూ వానకు చిక్కుకొన్నారు. భోగాపురం బస్సు వచ్చి, నిండి, వెళ్లిపోయింది. ఆమె ఎక్కలేదు. ఎందుకు ఎక్కలేదని అతడు అడగలేదు. రెండో బస్సు వచ్చే లోపల, తాను ఆమెను వివాహం చేసుకోదలచినట్లు, పదాలు తడబడుతూ ఉండగా చెప్పాడు. వాన చప్పుడులో సగమే వినిపించింది; ఆ సగం చాలింది. తనకూ ఇష్టమేనని చెప్పి ఆమె ఒక్క షరతు పెట్టింది: ఇంట్లో ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. తమది చేపల బుట్ట మోసిన ఇల్లని అతని తండ్రికి తెలియాలి.

ఉమాశంకర్ స్వభావరీత్యా అబద్ధీకుడు కాడు. అయితే ఎదుటివారికి రుచించే రూపంలో మాటను మలచడం ఒక విధమైన దయ అని భావించేవాడు. తండ్రితో, పిల్ల వారు సముద్రపు సరకు ఎగుమతి చేసే కుటుంబమని చెప్పాడు. ఒకనాడు పనిమీద వెళ్లిన రేవులో, కూతురి వల్ల సంగతి తెలిసిన గురమ్మ కనబడి ఆరా తీస్తే, తన తండ్రి సమ్మతించారని చెప్పాడు. ఈశ్వరితో మాత్రం, నాన్నకు అంతా తెలుసనీ, ఆలోచించడానికి వ్యవధి కోరారనీ చెప్పాడు. ముగ్గురూ తృప్తి పడ్డారు. కొన్నాళ్లు అతడూ తృప్తిగా తిరిగాడు.

సంబంధం ఖాయమైతే పిల్ల తల్లి రేవుకు వచ్చిన మేలైన చేపను తీసుకొని వియ్యాలవారి గడప తొక్కడం గురమ్మ ఇంటి ఆనవాయితీ. ఒప్పుకొన్న కబురు కూతురికి ఉమాశంకరే చెప్పాలని తాను నోరెత్తక, ఆమె ఒక వేకువ నిగనిగలాడే కోనాం చేపను ఎంచి, తడిగుడ్డ చుట్టి, ఉతికిన చీర కట్టి నరసన్నపేట బస్సు ఎక్కింది.

నరసింగరావు గారు అరుగు మీద ఉన్నారు. బుట్టతో వచ్చిన మనిషిని చూసి, చేప బాగున్నదని మెచ్చి, ధర అడిగారు. ఆమె పరాచికమనుకొని నవ్వింది. ఆయన తగ్గించి ఇమ్మన్నారు. అప్పుడు గురమ్మ తాను ఈశ్వరి తల్లినని చెప్పింది. ఆయన, అది వేరే ఈశ్వరి అయి ఉంటుందనీ, తన కుమారుడు చేసుకోబోయే అమ్మాయి వారు ఎగుమతిదారులనీ, మర్యాదగానే తెలియజేశారు.

గురమ్మ చేపతో తిరిగి వచ్చింది. ఈశ్వరి గుచ్చి గుచ్చి అడిగితే జరిగింది చెప్పి, ఒక్క మాట చేర్చింది. “పెద్దాయన సెడ్డోడు కాడే. ఏటీ తెలీనోడు.”

మరునాడు ఈశ్వరి ఉమాశంకర్‌ను మెట్ల దగ్గరకు పిలిచింది. ఆమె గొంతు పెరగలేదు.

“మీ నాన్నగారికొకటి, మా అమ్మకొకటి, నాకొకటి. మీరు మళ్లీ అదే పని సేసారు.”

“ఎవర్నీ బాధపెట్టకూడదనే అలగ చెప్పాను ఈశ్వరీ.”

“మా అమ్మ పెళ్లిమాటకెల్లి బేరమాడించుకొనొచ్చింది.”

అతడు మెట్టు మీద కూలబడ్డాడు.

“మూడు రకాలుగా సెప్పడం తప్పు కాదండి. పెద్దోళ్లతో ఒకలా, నాతో ఒకలా మాటాడతారు, మాటాడాలి. లోపల ఉన్నది ఒకటే కావాలి గదా. మీ లోపలేటున్నాదో నాకు తెలీట్లేదు. విశాఖలో ఒక కంపెనీ వాళ్లు రమ్మన్నారు. నెలాఖరుకి ఎల్లిపోతన్నాను.”

అతడు బతిమాలలేదు. బతిమాలితే అది నాలుగో రూపం అవుతుందని అప్పటికి గ్రహించాడు. ఆ రాత్రి తండ్రికి ఫోన్ చేసి, ఆదివారం తనతో భోగాపురం తీరానికి రమ్మన్నాడు. చెప్పవలసినది ఒకటి ఉన్నదనీ, దాన్ని అందరి ఎదుట ఒక్కసారే చెబుతాననీ అన్నాడు. చేపతో వచ్చిన ఆ మనిషి వెళ్లిన నాటి నుంచి మనసులో ఏదో ముల్లు కదలుతున్న నరసింగరావు గారు, ఎందుకని అడగలేదు.

ఆదివారం అరసవల్లిలో దర్శనం చేసుకొని, నుదుటి గంధం ఆరకుండానే ఆయన కుమారుడి వెంట పల్లెకు వచ్చారు. పడవలు ఒడ్డుకు లాగి ఉన్నాయి. గురమ్మ వల బాగుచేస్తున్నది. పక్కనే ఉన్న ఈశ్వరి, వారిని చూసి లేచి నిలబడింది, ఎదురు రాలేదు.

ఉమాశంకర్ ఇసుకలో ముగ్గురికీ నడుమ నిలిచాడు.

“ఈశ్వరిని వాళ్లమ్మ సేపలమ్మి సదివించింది. ఎగుమతి కంపెనీ ఏదీ లేదు నాన్నా. నువ్వు కాదంటావని బయమేసి నేనే అల్లి సెప్పాను. అత్తా, మా నాన్న ఒప్పుకోలేదు. మీ సంగతి ఆయనకసలు తెలీదు. ఈశ్వరీ, ఆయన ఆలోసిస్తన్నాడని నీతో సెప్పింది కూడా అబద్ధమే. నాకు నిన్ను సేసుకోవాలనుంది. నాన్న కాదన్నా ఉంటాది. నువ్వు కాదంటే మాత్రం ఇంకేటీ సెప్పను.”

నరసింగరావు గారు కుమారుడి వైపు చూడలేదు. గురమ్మకు ఎదురుగా వెళ్లి నిలిచారు.

“నాను సేపకి ధరడిగినాను తల్లీ. నివ్వు నవ్వితే, గడుసుదనుకున్నాను. ఇంటికొచ్చిన వియ్యపురాల్తో బేరమాడిన మొగోణ్ణి ఈ జిల్లాలో నానొక్కణ్ణే అయుంటాను.”

“మీకెవులు సెప్పారు బాబూ, తెల్డానికి?” అన్నది గురమ్మ, వల మీది నుంచి చెయ్యి తీయకుండా. “మా ఈశ్వరి గుంటకీ తెల్దు. ఆ గుంటడొక్కడికే తెల్సు, ఆడేమో మనందరికీ సుకంగుండాలని సూసాడు.”

ఆ గుంటడు, ఉమాశంకర్, తల వంచుకొన్నాడు.

నరసింగరావు గారు ఈశ్వరి వైపు తిరిగారు. తన ఇంట ఇంతవరకు ఎవరూ ఇటువంటి పెళ్లి చేసుకోలేదనీ, రేపు ఊళ్లో పది మాటలు పుడతాయనీ, వాటిని తాను పడగలననీ నెమ్మదిగా చెప్పారు. ఆపైన అడిగారు.

“మావోడి మాటలు సానా ఇన్నాను. నీదొక్కటీ ఇన్లేదు. నివ్వేటంటావమ్మా?”

ఈశ్వరి ఉమాశంకర్‌ను చూసింది. అతడు ఈసారి ఆమె ముఖంలో తనకు అనుకూలమైనదేదీ వెతకడం లేదు. ఊరకే ఎదురు చూస్తున్నాడు. ఆమె పెదవి కొస కొద్దిగా కదలింది.

“ఇంకోసారి మనిషికో మాట సెప్తే మాత్రం నేనూరుకోను, మావయ్యా.”

గురమ్మ చేతిలోని దారం ఆగిపోయింది. ఉమాశంకర్ తల ఎత్తాడు. నరసింగరావు గారు కండువాతో కళ్లు ఒత్తుకొని, నెపాన్ని గాలికి లేచిన ఇసుక మీదికి నెట్టి, గురమ్మతో అన్నారు:

“ఇన్నావా చెల్లెమ్మా, మావయ్యనేసి అప్పుడే నన్ను సాచ్చికానికి పిలిసేసింది.”