లేసులు లేని బూట్లు

పొట్టికాలు వీధి మెట్లెక్కుతుంటే లాస్యగారికి మళ్ళీ ఒళ్ళు మండింది. కుడికాలు ఇవాళ కూడా కుంటుతోంది. టాలిన్ పాతబస్తీలో కొండ మీదికి పోయే దారుల పేర్లు పొడుగుకాలు, పొట్టికాలు. అందుకే మా ఊరు కుంటుతుందని అక్కడివాళ్ళ వేళాకోళం. ఊరు కుంటితే కుంటనీ, నాలుగు రోజుల యాత్రకు వచ్చినవాళ్ళకు కుంటికాళ్ళు అంటగట్టడం ఏం మర్యాద? నిన్ననే ఆవిడ ఫిర్యాదు రాసి పడేశారు.

నిజానికి ఈ రిటైరైన లెక్కల టీచరు కూర్చున్నది కాకినాడలో, దేహయాన కేంద్రం కుర్చీలో. మెట్లెక్కే కాళ్ళు మారెట్ అనే నలభయ్యేళ్ళ ఎస్టోనియా ఆవిడవి. ఇప్పుడు యాత్రలన్నీ ఇలాగే. అక్కడ ఒక నడకమనిషి ఒళ్ళు అప్పగిస్తుంది, ఇక్కడివాళ్ళు ఆ కళ్ళతో చూస్తారు, ఆ కాళ్ళతో నడుస్తారు. వణికించే చలినీ బాధనీ మధ్యలో నొప్పిజల్లెడ వడకట్టేస్తుంది. డెబ్బయ్యేళ్ళ మోకాళ్ళతో అన్నవరం మెట్లే ఎక్కలేని మనిషి జనవరి మంచులో ఆరువందల ఏళ్ళనాటి గోడలు తడుముతూ తిరుగుతోందంటే దాని పుణ్యమే.

కొండ మీద పెద్ద చర్చి ఉంది. గుమ్మం ముందు మెట్టు మీద ఆవిడ కాళ్ళు నిన్నా మొన్నా లాగే బూట్లు విడిచేశాయి. దేవుడి గుమ్మం కదా, ఒకరు చెప్పాలా? రాయి ఎండాకాలపు గచ్చులా చల్లగా, హాయిగా తగిలింది. లోపల గోడల నిండా వేలాడే చెక్క వంశచిహ్నాలు చూస్తూ అరగంట గడిపారు.

ఈ రెండ్రోజులూ తిరిగొచ్చి చూడకుండానే బూట్లలో కాళ్ళు దూర్చేవారు. ఇవాళ ఒక బూటు పక్కకు దొర్లిపోవడంతో కిందికి చూశారు. కుడి పాదానికి మూడే వేళ్ళున్నాయి. అందులో ఒకటి నల్లబడి ఉంది.

పనివేళల్లో నడకమనిషి నోరు మూసి ఉంటుంది. లాస్యగారు కుర్చీ మీది మీట నొక్కి మాట తెరిచి, ఇదేమిటమ్మా అని అడిగారు. మారెట్ జవాబు తెలుగులోకి మారి వినిపించింది. తెలుగువాళ్ళందరూ ఇక్కడ విప్పుతారట, రోజుకు ఐదారుగురు. చలికి తాళలేక కంపెనీకి మొరపెట్టుకుంటే, విప్పడం సులువుగా ఉంటుందని లేసులు లేని బూట్లు ఇచ్చారట. రాతి స్పర్శ బాగా తెలియాలని మేజోళ్ళు కూడా మాన్పించారట. ఎంత తెలివండీ.

"మీకు దేవుడంటే ఉన్న మర్యాద అది. తెలిశాక కాదనలేకపోయాను," అంది మారెట్. "ఆ ఫిర్యాదు ఒక్కటి వెనక్కి తీసుకోండమ్మా. కుంటకుండా నడుస్తాను."

లాస్యగారు తలపట్టీ పీకేసి లేచారు. కేంద్రం నడిపే రిత్విక్ పరుగెత్తుకొచ్చి, మీకేమైనా నొప్పి తెలిసిందా మేడమ్ అని ఆదుర్దాగా అడిగాడు. లేదన్నారు. హమ్మయ్య అనుకున్నాడు.

"సిగ్గుందా నీకు? ఆవిడ వేళ్ళు ఊడిపోతుంటే నాకు నొప్పి లేదు కదా అంటావా? మేం అలవాటుగా బూట్లు విప్పేస్తామని తెలిసీ ఆపకుండా బూట్లు మార్చి ఊరుకున్నారా? నా ఫిర్యాదు తీసెయ్, ఇప్పుడే."

తీసేయడానికేం మిగల్లేదు. పొద్దున్నే చర్య తీసుకున్నారట. మారెట్‌కు ఇదే ఆఖరి రోజు. రేపటి నుంచి కొత్త నడకమనిషి, నడక చాలా బాగుంటుందని మురిసిపోతూ చెప్పాడు.

మర్నాడు ఆవిడ మళ్ళీ వెళ్ళారు. ఊరు చూడటానికి కాదు. కొత్తమ్మాయిని హెచ్చరించాలి, తను బూట్లతోనే చర్చిలోకి నడవాలి. మెట్ల కిందే మాట తెరిచారు.

"బూట్లు విప్పనివ్వకమ్మా. నేనైనా సరే, ఇంకెవరైనా సరే."

"ఈ కాళ్ళు ఇప్పుడు నా మాట వినవు కదండీ," అంది ఆ అమ్మాయి. "మీ మాటే వింటాయి."

ఎక్కుతున్నంతసేపూ విప్పకూడదు, విప్పకూడదు అని లాస్యగారు తనకు తాను చెప్పుకుంటూనే ఉన్నారు. నడక నిజంగానే బాగుంది. గుమ్మం ముందు నిలబడి, లోపలి దీపాల వైపు చూసి మనసులో దణ్ణం పెట్టుకున్నారు. అరికాలికి ఏదో చల్లగా, హాయిగా తగిలింది. కిందికి చూస్తే మంచు మీద ఐదు వేళ్ళూ ఎర్రగా, నిండుగా ఉన్నాయి.