రెండుసార్లు తడితే తప్పు

పిచ్చుకకు చదువు రాక కాదు, వచ్చింది నిలవదేమోనని భయం. ఇంట్లో గడగడా అప్పజెప్పిన పాఠం పరీక్షలో కలం పట్టేసరికి ఎటో ఎగిరిపోయేది. బక్కగా, బెరుగ్గా ఉంటుందని బడిలో అందరూ ఆ పిల్లను పిచ్చుక అని పిలిచేవాళ్ళు. తలెగరేసి నడిచే ఆమె స్నేహితురాలు దొరసాని. ఒకటో తరగతి నుంచీ ఇద్దరిదీ ఒకే బెంచీ, వానొస్తే ఒకే గొడుగు.

"చెవిన పడితేనే మనసున పడుతుందే. వినే దిక్కు లేకపోతే గోడకైనా చెప్పుకో," అనేది పిచ్చుక అమ్మమ్మ.

దొరసాని ఉండగా గోడతో పనేముంది? కానీ పిచ్చుక దొరసాని మొహం చూసి జవాబు పట్టేసేది. కనుబొమ్మ ఇటు కదిలితే ఇది, అటు కదిలితే అది. "పరీక్ష హాల్లో నా కనుబొమ్మలు నీతో రావే," అని దొరసాని ఒక పద్ధతి పెట్టింది. ఫిజిక్స్ ల్యాబ్ వెనక పాత సామాను గది ఉంది. విరిగిన త్రాసులు, చిలుం పట్టిన స్ప్రింగులు, మూలన శ్రుతి దండాలు. కిటికీ లేదు. చెప్పేవాళ్ళు ఆ చీకట్లో తలుపు మూసుకుని పాఠం అప్పజెప్పాలి. వినేవాళ్ళు పుస్తకం పట్టుకుని బయట నిలబడాలి. ఒకసారి తడితే ఒప్పు, రెండుసార్లు తడితే తప్పు. మూడుసార్లు తడితే పాఠం అయిపోయినట్టు, బయటికి రావచ్చు.

పదో తరగతి ఫిజిక్స్‌లో ఎక్కువ మార్కులొచ్చిన పిల్లను పెద్ద కాలేజీ ఉచితంగా చేర్చుకునేది. బడికి ఒక్కరినే. ఆ సీటు రాకపోతే పిచ్చుక మేనత్త కుట్టుమిషను ముందు కూర్చోవలసిందే. దొరసానికీ ఆ సీటే కావాలి. ఎవరికొచ్చినా రెండోవాళ్ళు ఏడవకూడదని ఇద్దరూ ఒట్టు పెట్టుకున్నారు.

పరీక్ష మధ్యాహ్నం. వరండాలో పిల్లలు గుంపులు కట్టి ఏ ప్రశ్న వస్తుందో, ఏది రాదో జోస్యాలు చెప్పుకుంటున్నారు. కటకాలు తప్పకుండా వస్తాయని ఒకడంటే, పోయినేడూ అలాగే చెప్పి తప్పావు కదరా అని ఇంకొకడు ఎత్తిపొడిచాడు. బెల్లు కొట్టే తాత మాత్రం, ఏమొచ్చినా రాకపోయినా తన బెల్లు తప్పదని నవ్వించాడు.

"ధ్వని పాఠం ఒక్కసారి చెప్పేయవే. నీ బుర్రకు అడుగున చిల్లుంది," అంది దొరసాని.

పిచ్చుక పుస్తకంలో ఆ పాఠం వానకు తడిసి ముద్దయింది. అందుకే ముందు రోజుల్లో దొరసానే పక్కన కూర్చుని నోటితో నేర్పింది. సరేనని పిచ్చుక సామాను గదిలోకి వెళ్ళింది. తలుపు మూసుకుంది. చిలుము వాసన, పాత స్పిరిట్ వాసన.

ధ్వని కంపనాల వల్ల పుడుతుంది. టక్. ఒప్పు.

శూన్యంలో ప్రయాణించదు. టక్. ఒప్పు.

ఇనుములో కన్నా గాలిలో వేగంగా పోతుంది. టక్, టక్.

పిచ్చుక ఆగింది. దొరసాని నేర్పింది అదే. తిరగేసి చెప్పి చూసింది. టక్. తర్వాత ప్రతిధ్వని. అది వినపడాలంటే గోడ కనీసం పదకొండు మీటర్ల దూరంలో ఉండాలి అంది. టక్, టక్. పన్నెండు... పదిహేను... తప్పు, తప్పు. పదిహేడు అనగానే ఒక్కటే దెబ్బ పడింది.

తప్పు నేర్పిన మనిషి ఇప్పుడెందుకు దిద్దుతోంది?

అప్పుడు గమనించింది. దెబ్బలు తలుపు మీద పడటం లేదు. వీపు వెనక నుంచి వస్తున్నాయి.

"ఒసే... బయట ఉన్నావా?" అని గుసగుసగా అడిగింది.

టక్, టక్.

తలుపు నెట్టింది. కదల్లేదు. బయట గడియ పడి ఉంది.

"గడియ వేసింది... దొరసానేనా?"

టక్.

దూరంగా బెల్లు మోగింది. అరగంట దాటితే హాల్లోకి రానివ్వరు. కానీ ఆ క్షణాన పిచ్చుకకు పరీక్ష గుర్తు లేదు. ఒకే గొడుగు కింద సగం తడుస్తూ నడిచిన పిల్ల, తనను చీకట్లో వేసి గడియ పెట్టి, కలం సర్దుకుని వెళ్ళి కూర్చుంది. అదొక్కటే గుర్తుంది.

"తలుపు తియ్యండి" అని అరిచింది.

ఒక్క క్షణం నిశ్శబ్దం. ఆ తర్వాత... "తియ్యండి."

తన గొంతే. తిరిగొచ్చింది.

పిచ్చుక చేయి వెనక్కి చాచింది. రెండు బారల గది. గోడ తగలాలి. తగల్లేదు. చల్లగాలి వేళ్ళను తాకింది.

ఎంతసేపు తలుపును కరుచుకుని ఉందో, గడియ జారిన చప్పుడైంది. వెలుగు. ఎదురుగా దొరసాని. కళ్ళ నిండా నీళ్ళు.

"రాయలేకపోయానే... మధ్యలో లేచి వచ్చేశాను."

పిచ్చుక ఆ మొహం చూడలేదు. పక్క నుంచి తోసుకుని పరుగెత్తింది. వెనక నుంచి దొరసాని గొంతు వినిపించింది. "లోపల ఇంకెవరే, తడుతున్నారు?" తర్వాత తలుపు పడింది. అప్పుడు కూడా పిచ్చుక వెనక్కి తిరగలేదు.

అరగంట గడువు ఆఖరి నిమిషంలో హాల్లోకి రానిచ్చారు. రెండో ప్రశ్న ప్రతిధ్వని. ఏదీ మరిచిపోలేదు, ఒక్క అక్షరం కూడా. ముందు బెంచీ మీద మూత తీసిన దొరసాని కలం అలాగే ఉంది. గంటలు గడిచినా మనిషి రాలేదు.

కాగితం ఇచ్చేశాక బెల్లు తాతను వెంటబెట్టుకుని సామాను గదికి వెళ్ళింది. తలుపుకు బయట గడియ వేసి ఉంది. తాత తను వెయ్యలేదన్నాడు. పిచ్చుక చెవి ఆనించింది.

లోపల దొరసాని పాఠం చెబుతోంది. చాలా దూరం నుంచి, నూతి అడుగు నుంచి వచ్చినట్టుంది గొంతు.

తాత గడియ లాగాడు. విరిగిన త్రాసులు. శ్రుతి దండాలు. రెండు బారల అవతల గోడ. ఎవరూ లేరు. ఏమీ వినపడటం లేదే అమ్మా అన్నాడు తాత.

పిచ్చుక వెళ్ళి గోడకు చెవి పెట్టింది.

"...ప్రతిధ్వని వినపడాలంటే... పదిహేడు మీటర్లు..." ఏడుస్తూ చెబుతోంది దొరసాని.

సరైన జవాబే.

టక్, టక్.