ఒక్క పళ్లెంల తిన్నోళ్లు

నేను పది మాటలు చెప్తే తొమ్మిది అబద్ధాలేనని మా కోడలు రామి అంటది. తొమ్మిది కాదు, ఏడే. మిగిలిన మూడింట్ల గీ కథ ఒకటి.

అప్పట్ల నేను మా లంబాడ తండా నుంచి వచ్చి కేసముద్రం మార్కెట్ యార్డుల మిర్చి తొడిమెలు తీసేదాన్ని. సులోచనక్క ముప్పై ఎకరాల పటేలమ్మ, పత్తి అమ్మనీకి యార్డుకు వచ్చేది. ఇద్దరికీ మొగుళ్లు పోయిన్రు, ఇద్దరికీ నాలుకలు మాత్రం బతికే ఉన్నయి. ప్రతి బేస్తవారం రైలో బస్సో ఎక్కి ఏదో ఊరికి పోయి, కొత్త హోటలో బండో చూసి తినొచ్చేటోళ్లం. జనగామ స్టేషన్ బయట పూరీలు ఎగిరిపోతయని తాడు కట్టి ఇచ్చేటోళ్లు. రేగొండల తలకాయ కూర తిన్న బట్టతలాయనకు వారంల జుట్టు మొలిచింది. మహబూబాబాద్ బస్టాండ్ కాడ మిర్చి కొరికితే నా చెవుల పొగకు డ్రైవర్ బస్సు ఆపి, ఎక్కడ కాలుతున్నదని అడిగిండు.

ఎక్కడ తిన్నా ఇద్దరికీ ఒక్క పళ్లెమే. తండా దాని ఎంగిలి తింటదా అని అక్క చుట్టాలు మొఖం ముడిస్తే, అక్క వాళ్ల ముందటనే నేను సగం కొరికిన బజ్జీ గుంజుకొని నోట్లె ఏసుకున్నది. ఆ దినమే అనుకున్న, ఈమె కోసం పాణం అడిగినా ఇస్త అని.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడిచిన ఏడు అది. బస్సుల్లేవు. బొగ్గు తియ్యక కరెంటు లేదు. బంద్ మీద బంద్. హోటళ్లకు తాళాలు, బండ్ల మీద పట్టాలు. నడి రోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంటా వార్పు చేసినప్పుడు మాత్రం ఊరంతా ఒక్క కాడ తిన్నది. నేను నాలుగు బస్తాల బువ్వ తిన్న. సులోచనక్క నా పక్కనే కూసొని ముద్ద నోట్లె పెట్టుకొని, మింగలేక, కండ్లల్ల నీళ్లు తెచ్చుకున్నది. జరమా అని అడిగిన. ఏం లేదన్నది. మూడు వారాలల్ల మనిషి సగమైంది.

ఆ తెల్లారి దినం పొద్దుగూకంగ ఆమె మా ఇంటికొచ్చింది. స్టేషన్ గోదాముల ఎనక ఒక బండి తెరిచే ఉన్నదట, పోదాం పా అన్నది. మూడు వారాల సంది బండి తిండి మొఖం చూడలే. చెప్పులు కూడ ఏసుకోకుండ ఎంబడి పడ్డ.

పట్టాల పొంటి నడిచినం. కుసుమ నూనె వాసన ముందుగాల వచ్చింది, తర్వాత బండి మీది దీపం కనపడ్డది. బండాయన మొఖానికి తువ్వాల చుట్టుకొని ఉన్నడు. కడాయిల మిర్చీలు తేలుతున్నయి. దగ్గరికి పోయినంక గమనించిన... నూనె మరుగుతున్నది గని చప్పుడు లేదు. కడాయి కింద మంట లేదు.

ఆయన ఒక పళ్లెం నా ముందట పెట్టిండు. నేను అలవాటుగ అక్క దిక్కు జరిపిన.

"నాకు ఆకలి లేదు, గంగీ. నువ్వు తిను."

నలభై ఏండ్ల సోపతిల ఆమె నోట ఆ మాట ఇనలే. అయినా ఆశ చెడ్డది. ఒకటి కొరికిన.

ఉప్పు లేదు. కారం లేదు. పత్తి నమిలినట్టున్నది.

రెండోది కొరికిన. అదే పత్తి. నోట్లె నాలుక ఉన్నదా లేదా అని వేలు పెట్టి చూసుకున్న... ఉన్నది. దానికే ఏం తెలుస్తలేదు.

నా పక్కన నమిలే చప్పుడు. తిరిగి చూస్తే సులోచనక్క కడాయిలకెల్లి ఉత్త చేత్తోని మిర్చి తీసి తింటున్నది. పెదవులు కాలుతున్నయి. ఏడుస్తున్నది. నవ్వుతున్నది.

"కారం... కారం తెలుస్తున్నదే గంగీ..."

ఎప్పుడు తిన్నవ్ ఈడ అని అడిగిన. సమ్మె మొదట్ల, ఒక్కదాన్నే వచ్చిన అన్నది. ఆనాటి సంది ఏది తిన్నా మన్నేనట. పోయిన రుచి మళ్ల రావాలంటే తనతోని ఒక్క పళ్లెంల తిన్న మనిషిని తెచ్చి ఈడ తినిపియ్యాలని బండాయన చెప్పిండట.

"నా ఎంగిలి తిన్నోళ్లు ఎవరున్నరే నాకు... నువ్వు తప్ప."

ఆ మాట ఎంత పావురంగ, ఎంత ప్రేమగ అన్నదంటే, నా చెయ్యి దానంతటదే ఆమె కండ్లు తుడవనీకి లేచింది.

బండాయన నా మీదికి వంగిండు. తువ్వాల ఎనక ఊపిరి లేదు. చలి ఉన్నది.

"నీతోని తినేటోళ్లు... ఎవరు?"

నా కండ్ల ముందట భాగ్య మెదిలింది. నా మనుమరాలు. ఆరేండ్లది. రోజూ నా పళ్లెంలనే తింటది. "యాడీ" అని చచ్చిపోయిన మా అమ్మను పిలుసుకుంట ఉరికిన. కంకర మీద ఉత్త కాళ్లు. ఎనక అడుగుల చప్పుడు రాలే. అక్క గూడ పిలువలే.

ఆ రాత్రి భాగ్యకు వేరే పళ్లెం పెట్టిన. నా ఒళ్లోకి వస్తే నూకిన. నేనేం చేసిన అవ్వా అని పిల్ల ఏడ్సి ఏడ్సి నిద్రపోయింది. కారణం మాత్రం చెప్పలే. మళ్ల ఎన్నడూ దానితోని ఒక్క మెతుకు పంచుకోలే. సులోచనక్క మొఖం మళ్ల చూడలే. రాష్ట్రం వచ్చింది, ఊరంతా మిఠాయిలు పంచిన్రు. తీపి అని అందరు అంటే నేనూ తీపే అన్న. పదమూడేండ్లు పత్తి నమిలిన. ఆ పిల్లను మాత్రం ఆ బండి కాడికి తీస్కపోలే. నా బతుకుల అబద్ధం కాని పని అదొక్కటే.

ఇయ్యాల పొద్దుగాల పచ్చిపులుసు జుర్రిన.

పులుపు.

తర్వాత ఉప్పు. తర్వాత మిరపకాయ మంట. ఫోన్ చెయ్యాలె... వరంగల్ల హాస్టల్ల ఉన్న భాగ్యకు ఎంటనే ఫోన్ చెయ్యాలె. దేవుని తోడు, నా రుచి ఎవరి నోట్లెకెల్లి వచ్చిందో తెలుసు నాకు. అయినా ముందు గిన్నె నాకిన. తర్వాత ఫోన్ పట్టిన.

భాగ్య గొంతు సన్నగ వచ్చింది.

"అవ్వా... నిన్న గంత దూరం వచ్చి, స్టేషన్ ఎనక బండి కాడ నాకు మిర్చి తినిపిచ్చి, ఒక్క మాటన్న మాట్లాడకుండ పోయినవేందే?"

నా మోకాళ్లు పడిపోయి రెండేండ్లు. రామి లేపితే గని మంచం దిగ.

కోడలిని కేకేసిన. నిన్న పొద్దుగూకంగ నేనెక్కడున్న అని అడిగిన.

రామి వాకిట్ల నల్లా కాడ కూసొని రెండేండ్ల సంది నేను ఏసుకోని నా చెప్పులు కడుగుతున్నది. నీళ్ల మీద కుసుమ నూనె తేలుతున్నది.